సర్వ చల్లారేదాకా

మొన్న జ్యోతినగర్‌లో ఉండే మా మనవరాలు ఒక రంగుల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. సెలవురోజున మన జిల్లాలో ఎక్కడెక్కడ తిరగాలో, ఏమేం తినాలో అందులో అచ్చు వేశారు. గోదావరి ఒడ్డు ఉంది, గుళ్లున్నాయి, ఆటపాటలున్నాయి, చివరన సర్వపిండి బొమ్మ ఉంది. దాన్ని పెనం మీద కాల్చారు! పిండి ఒత్తే లోతు గిన్నె, సర్వ, దాని జాడే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "గింత దానికి గంత కోపమా అమ్మమ్మా?" అని పిల్ల నవ్వింది. గింతది కాదు. నా కోపం వయసు దాని తల్లి వయసు కంటే ఎక్కువ.

కాసిపేట దిక్కు పల్లె నుంచి నేను కోడలినై గోదావరిఖని వచ్చింది డెబ్బైల మొదట్లో. మా ఆయన బాయిలో, అంటే భూమి కింది గనిలో, బొగ్గు నింపేవాడు. నడుం వంచి తట్టతో, చెమ్మస్ అనే పారతో ఎత్తీ ఎత్తీ, ముప్పై ఏళ్లకే ముసలివాడిలా దగ్గేవాడు. నాకు తెలిసిన లోకమల్లా మా క్వార్టర్ల లైను, నల్లా, అంగడి, దవాఖాన. గోదావరి పక్కనే ఉందని అందరూ అనేవారు గానీ నన్ను తీసుకుపోయినవాడు లేడు. మా లైను ఆడవాళ్లు ఏడాదికొకసారి చెట్ల తీర్థం పోయేవారు. అంటే గిన్నెలూ బియ్యమూ నెత్తిన పెట్టుకుని ఏటి ఒడ్డు మామిడితోటకు పోయి, అక్కడే వండి, అందరూ కలిసి తిని, పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం. మొదటి ఏడు మామ పోయిన మైల. రెండో ఏడు నాకు చలిజ్వరం. మూడో ఏడు వారం ముందే బియ్యం పట్టించి, నువ్వులు చెరిగి, కొత్త చీర మడత విప్పి పెట్టుకున్నాను.

తీర్థం రేపనగా మా ఆయన డ్యూటీ దిగి వచ్చి గడపలోనే కూర్చున్నాడు.

"ఏమే, రేపు నువ్వు మా బాయి పెద్దసారోళ్లతోని పోవాలె. పట్నం నుంచి చుట్టాలు అచ్చిండ్రట. ఏటి ఒడ్డున సర్వపిండి తింటరట. నీ చేతిది మంచిగుంటదని ఎవరో చెప్పిండ్రు."

"మరి నా తీర్థం?"

"వచ్చే ఏడు పోదువు తియ్యి. నన్ను బాయిలకు దింపకుంట పైన పనిల ఏస్తనన్నడు సారు. బాయిల నాకు ఊపిరి ఆడతలేదే."

ఊపిరి ఆడడం లేదన్న మనిషితో ఏమని కొట్లాడతాం? చేతిలో ఉన్న జల్లెడను గోడకేసి కొట్టాను, అంతే.

తెల్లారి జీపొచ్చింది. నా రెండు సర్వలూ పట్టుకుని ఎక్కాను. సర్వపిండి సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి, సర్వ లోపలి గోడకు పలచగా ఒత్తి, వేలితో బెజ్జాలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి సన్నని సెగ మీద ఉంచుతాం. ఒకటి తీశాక ఆ సర్వ చల్లారితే గానీ రెండోది ఒత్తలేం. చేయి కాలుతుంది, పిండి పట్టదు. సర్వను నీళ్లలో పెట్టాలి, ఆగాలి. ఈ ఆగడమే పెద్దసారు భార్యకు గిట్టలేదు.

"ఇంకా ఎంతసేపు? వెంటనే రెండోది పెట్టొచ్చు కదా!"

"సర్వ సల్లారాలె అమ్మగారు."

"అందరికీ ఒకేసారి వడ్డించాలి. తొందరగా కానివ్వు."

పట్నం ఆడవాళ్లు నా సర్వ పట్టుకుని ఫొటో దిగారు. నన్ను పక్కకు జరగమన్నారు. సర్వ నాది, పిండి నేను కలిపింది, పొయ్యి ముందు కళ్లు మండించుకున్నది నేను. ఫొటోలో మాత్రం నేను అడ్డం!

సర్వలు తీసుకుని ఏట్లోకి దిగాను. గోదావరి నీళ్లు నా కాళ్లకు తగలడం అదే మొదలు. కింది దిక్కున మామిడితోటలో పొగ లేస్తోంది. మా పక్క క్వార్టర్ అక్క నవ్వు అంత దూరం నుంచీ గుర్తుపట్టాను. మూడుసార్లు సర్వలు చల్లార్చుకుని బుద్ధిగా వెనక్కి పోయాను. నాలుగోసారి సర్వలు నీళ్లలో ముంచి, చంకన పెట్టుకుని, ఒడ్డు వెంట తోట దిక్కు నడిచాను. వెనక నుంచి పిలిచారు. వినబడింది. తిరిగి చూడలేదు.

"అగో, అచ్చినవా! కూసో, జల్ది తిను, కూర సల్లారుతది," అంటూ అక్క మోదుగాకు విస్తరి పరిచింది. కోడికూర, వేడి అన్నం. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. పైన పని ఇంకొకరికి పోయింది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిడితే తిరిగి తిట్టడానికి దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చాను.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న."

"కడుపునిండ?"

"ఆ."

అంతే. గోడ వైపు తిరిగి దగ్గాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు బాయిలోకి దిగాడు. ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. ఎంత మంచివాడమ్మా అంటారు అందరూ. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే. ఆ పూటే తిట్టి ఉంటే కొట్లాడి తేల్చుకునేవాళ్లం. అసలు ఒక మనిషి ఊపిరికీ ఇంకొక మనిషి ఒక్కపూట సంతోషానికీ ముడి పెట్టింది ఎవరు? ఆ సారోళ్లకు అది ఒక ఆదివారం షికారు. సాయంత్రానికి మరిచిపోయి ఉంటారు.

ఆయన పోయి పదకొండేళ్లు. ఇన్నేళ్లలో ఆ అన్నం తిన్నందుకు నేను ఒక్కరోజూ బాధపడలేదు. ఆ అన్నం గుర్తొచ్చి ఆయన దగ్గు వినిపించని రోజూ ఒక్కటి లేదు.