స్తంభం ఎక్కలేని లైన్‌మన్

శ్రీకాకుళం జిల్లా పూండి చుట్టుపక్కల పద్దెనిమిదేళ్లుగా లైన్‌మన్‌గా చేస్తున్న అప్పలసూరికి కరెంటు స్తంభమంటే పెరట్లో కొబ్బరిచెట్టుతో సమానం. తిత్లీ తుపాను ఆ స్తంభాలను ఒక్క తెల్లవారుజామున పడగొట్టేసింది. పై జిల్లాల నుంచి సాయానికి వచ్చిన లైన్‌మన్లలో హరిబాబు ఒకడు, గోదావరి మనిషి. పది రోజులూ అప్పలసూరి ఇంట్లోనే తిన్నాడు, అతని భార్య కృష్ణవేణిని అక్కా అని పిలిచాడు.

పదకొండో రోజు అప్పలసూరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై ఆపి, "లైను సచ్చిపోనాది, ఎక్కు బావా," అన్నాడు. హరిబాబు ఎక్కాడు. వీధి చివర మోతుబరి భాస్కరరావు ఇంటి మెయిన్ స్విచ్ ఆపకుండానే జనరేటరు వేసుకున్నాడు. చెట్లు కోసే రంపాల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆ జనరేటరు కరెంటు వీధి తీగల్లోకి ఎదురు తన్నింది. హరిబాబు నడుముకున్న బెల్టుకే వేలాడిపోయాడు. రంపాలు ఆగాక ఆ మోత విని అప్పలసూరి పరుగెత్తి జనరేటరు ఆపించి వచ్చేసరికి అంతా అయిపోయింది.

విచారణ కాగితంలో 'మృతుడి అజాగ్రత్త' అని రాశారు. భాస్కరరావు పేరు ఎక్కడా లేదు. నెల తిరక్కుండా సిబ్బందికి సన్మానం పెట్టి, అప్పలసూరికి ఆ భాస్కరరావు చేతే శాలువా కప్పించారు. దాన్ని విసిరికొట్టలేక నిలబడిపోయినందుకు అతను ఈనాటికీ తనను తాను తిట్టుకుంటాడు.

ఆ తర్వాత స్తంభం మీద చెయ్యి వేసి, ఎక్కలేక వెనక్కి వచ్చేసేవాడు. అన్నం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. తాగుడన్నారు కొందరు, గాలి సోకిందన్నారు కొందరు. కృష్ణవేణి శ్రీకాకుళం తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది.

"ఇదీ జబ్బేనమ్మా. మందులు వాడాలి, మనసులోది చెప్పుకోవాలి," అన్నాడాయన.

ఆ చీటీ చూసి ఆఫీసరు నవ్వాడు. "గాలికి జడిసినోడివి, నువ్వు లైన్‌మన్‌వేటి?"

నిరుడు మళ్లీ తుపాను వచ్చి తీగలు తెగాయి. అప్పలసూరి ఎక్కలేదు సరికదా, ఎవరినీ ఎక్కనివ్వలేదు. తిన్నగా భాస్కరరావు వాకిట్లోకి వెళ్లి జనరేటరు పక్కన చతికిలబడ్డాడు.

"ఏటి సూరీ, మతి పోనాదా?" అన్నాడు భాస్కరరావు.

"ఈ జనరేటరు తీగ పీకించండి బాబూ. అందాకా నానిక్కడి నుంచి కదల్ను. ఒకణ్ణి నా నోటితోనే ఎక్కమని సెప్పి సంపీసినాను."

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. మూడు గంటలు కూర్చుంటే గాని తీగ ఊడలేదు. సాయంత్రానికి ఊళ్లో దీపాలు వెలిగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గనుకనే తప్పంతా అతనిదైంది. పని ఆలస్యం చేశాడని, పెద్దమనిషిని అవమానించాడని మెమో ఇచ్చి, కంచిలి వైపు కరెంటు సామాన్ల స్టోరు గదికి పంపేశారు.

అక్కడిప్పుడు వచ్చినవాళ్లకు స్తంభాలకు బిగించే క్లాంపులు, పింగాణీలు అందిస్తుంటాడు. మందులు వేసుకుంటున్నాడు, అన్నం సహిస్తోంది. తుపాను హెచ్చరిక విన్న రోజు మాత్రం పూండిలో తెలిసిన ప్రతి లైన్‌మన్‌కూ ఫోన్ చేసి, జనరేటర్లు చూసుకోమని బతిమాలుతాడు. మొదట్లో ఎత్తేవారు. ఇప్పుడు అతని నంబరు చూడగానే కట్ చేస్తున్నారు.