గిల్లని పన్నెండు సాళ్ళు

ఈ రోజు మధ్యాహ్నం ల్యాబులో నా చేతి తొడుగు చూపుడువేలు దగ్గర చిరిగింది. మొక్కల కొసలు కోసి సీసాల్లో పెంచడం నా ఉద్యోగం. ఏళ్ళుగా అరటి తప్ప మరొకటి ఎరగని ఆ బల్ల మీదికి మొదటిసారి చామంతి కొమ్మలు వచ్చాయి. చిరుగులోంచి పసరు వేలికి అంటింది. చేదుగా, పచ్చిగా, కొంచెం కర్పూరం కలిసినట్టుండే ఆ వాసన తగలగానే కత్తి కింద పెట్టి బయటికి వచ్చేశాను.

కడత్తూరు దాటి రెండు మైళ్ళు లోపలికి మాకు గుత్తకు తీసుకున్న చేను ఉండేది. ఎప్పుడో వచ్చి ఆ అరవదేశంలో స్థిరపడిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, ఈ తెలుగు అక్షరాలు కూడా నేను పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవే. ఎండాకాలం చివర వచ్చే వైకాశి నెలలో వాన పడి ఎర్రమట్టి మెత్తబడగానే చామంతి నారు నాటేవాళ్ళం, గట్టు పొడవునా ఆముదం పెట్టేవాళ్ళం. మధ్యాహ్నం ఆ ఆముదాల నీడలో కూర్చుని రాగి సంగటి ముద్దను అవరెకాయ, అదే అనపకాయ, పులుసులో అద్దుకుని తింటుంటే వేళ్ళ మీది చేదు సంగటికీ అంటేది, ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. చింతపిక్కలు అరగదీసి ఆడుకోవడానికీ మాకు ఆ నీడే.

గుత్త నాయన పేరున ఉన్నా చామంతికి పెద్ద మా అవ్వ, నాయన తల్లి. చామంతి కొస గిల్లితే కింద ఆకుల సందుల్లో నిద్రపోతున్న మొలకలన్నీ లేచి కొమ్మలవుతాయి, ఒక పువ్వు పూసే చోట పది పూస్తాయి. ఆ కొసను మేము అరవమాటతో కొళుందు అనేవాళ్ళం. ఎప్పుడు గిల్లాలో చెప్పేది అవ్వే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొళుందును పట్టుకుని కళ్ళు మూసుకునేది.

“సూదిగా ఉంటే ఇంకా ఆకేనే. గుండుగా తగిలిందా, పూవు అయిపోయింది, దాన్ని ముట్టగూడదు,” అని నా వేళ్ళకూ నేర్పింది.

అరవల ఆడి నెల పద్దెనిమిదో రోజు వచ్చే కావేరి పండగ లోపల గిల్లుడు ముగియాలి, ఆ తర్వాత చేలో ఎవరి గోరూ ఆడకూడదు. గిల్లిన రోజు సాయంత్రం ఇంట్లో ఎవరూ చేతులు కడుక్కోకూడదు. వరసగా అవ్వ ముందు చాచాలి. ఆమె ఒక్కొక్క చెయ్యీ ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసి, పని చేసిన చేతిలో బెల్లంముక్క పెట్టేది. వాసన లేని చేతికి బెల్లం లేదు.

అప్పుడు నాకు పదేళ్ళు. పండగకు ముందురోజు, మొత్తం ముప్పై సాళ్ళలో ఆముదాల అవతలున్న పన్నెండు నాకు అప్పగించి, అమ్మా అవ్వా ఇవతలి వైపు పట్టారు. పొరుగుచేని పిల్లలు చింతపిక్కలు తెచ్చారు. ఒక్క ఆట అనుకుని కూర్చున్నదాన్ని పొద్దు వాలేదాకా లేవలేదు. ఇంటికి పోయే ముందు ఒకే ఒక్క కొళుందు తుంచి పది వేళ్ళకూ గట్టిగా రుద్దుకున్నాను. అవ్వ నా చెయ్యి వాసన చూసి, “నా బంగారు, పన్నెండూ ముగించినావా,” అని రెండు బెల్లంముక్కలు పెట్టింది. మర్నాడు కావేరి ఒడ్డున చిత్రాన్నం, పులిహోర, పెరుగన్నం ఆకుల్లో వడ్డించుకుని అందరూ నవ్వుతూ తింటుంటే నేను నా ఆకు మడిచి నీళ్ళలో వదిలేశాను.

చెప్పేసి ఉంటే నాలుగు దెబ్బలతో పోయేది. చెప్పలేదు. నెల తిరిగేసరికి గిల్లిన సాళ్ళు గుబురుగా కమ్ముకున్నాయి, నా పన్నెండూ మాత్రం జానెడు ఎత్తు ఎక్కువగా, ఒంటికాడలుగా నిలబడ్డాయి. నాయన ఇవాళో రేపో ఆముదాలు దాటి చూస్తాడని, రెండు సాయంత్రాలు బడి వదలగానే పరిగెత్తుకుపోయి అన్నిటినీ గిల్లేశాను. గుండుగా తగిలాయి. ఒకటీ అరా కాదు, అన్నీ. నా వేళ్ళకు తెలిసింది, నాకూ తెలిసింది, అయినా నా గోరు ఆగలేదు.

ఆయుధ పూజ వచ్చింది. ఇవతలి పద్దెనిమిది సాళ్ళు పసుపు ఆరబోసినట్టు పూశాయి. అవతలి పన్నెండు వట్టి పచ్చగా, మొండి తలలతో ఉన్నాయి. అసలు ముట్టకుండా వదిలేసి ఉన్నా మొక్కకు ఒకటో రెండో పువ్వులైనా వచ్చేవి. ఊరంతా బొరుగులు, బెల్లం, పుట్నాలు కలిపి పంచుకుంటూ బస్సులకూ కొడవళ్ళకూ దండలు వేస్తుంటే, నాయన గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ పన్నెండు సాళ్ళ పువ్వు అమ్మిన డబ్బే గుత్త కింద కట్టవలసింది.

“నీకు చెయ్యి తప్పిందమ్మా. నీ మాట విని చెడిపోయినాము,” అన్నాడు అవ్వతో.

అవ్వ ఆ సాళ్ళలోకి పోయింది. ఒక మొండిని పట్టుకుని చూసింది, పక్కదాన్ని చూసింది. ఏ గాటు ఎన్నాళ్ళదో ఆమెకు తెలియదా? తిరిగివచ్చి నా వైపు ఒక్కసారి చూసి, నాయనతో “ఔను రా, నాకే లెక్క తప్పింది,” అంది. నేను అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు.

ఆ ఏడుతో చేను పోయింది. నాయనా అమ్మా కట్టడం పనికి బెంగుళూరు పోయారు. కడత్తూరులో ఒక గదిలో అవ్వా నేనూ మిగిలాము. ఆమె మళ్ళీ ఎవరి చెయ్యీ వాసన చూడలేదు.

ఇప్పుడు ఆవగింజలో సగం కూడా లేని కొసను భూతద్దం కింద పెట్టి రోజూ చూస్తాను. ఒక చిన్న గుబ్బ. దాని అంచుల్లో ఒకదాని తర్వాత ఒకటి ఆకులు బొడిపెలుగా లేస్తుంటాయి, ముందు పుట్టినది బయటికి జరుగుతూ. పైపొర మొక్కకు చర్మమవుతుంది, లోపలిది కండ అవుతుంది, ఆ కిందుగా నీళ్ళు మోసే దారాలు పేనుకుంటాయి. నట్టనడుమ కొన్ని కణాలు మాత్రం ఏమీ కాకుండా ఉండిపోయి, రేపటికి కావలసినవాటిని కంటూ ఉంటాయి. కొస పువ్వుకు తిరిగిందంటే ఆ నడుమ ఉన్నవీ పువ్వులోకే ఖర్చయిపోతాయి, ఇక అక్కడినుంచి ఆకు రాదు. చదువు లేని అవ్వ కళ్ళు మూసుకుని వేళ్ళతో కనిపెట్టినది దీన్నే. కొస గుండుగా కనిపించిన రోజు దాన్ని కత్తితో ముట్టను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చూడబోతే అవ్వకు చూపు పూర్తిగా పోయి ఉంది. అన్నేళ్ళ తర్వాత తానే నా చెయ్యి అడిగి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుంది. తొడుగుల పొడి, స్పిరిటు తప్ప ఏముంటుంది!

“ఏం వాసనా లేదు కదే. పనికి పోలేదా,” అంది.

నిజం నోటిదాకా వచ్చింది. “పోయినాను అవ్వా,” అని మాత్రం అన్నాను. ఆ ఆడి నెలలోనే అవ్వ పోయింది.

చేను ఇప్పుడు రాళ్ళు పాతిన ఇళ్ళ స్థలాలు. ఆముదాలు లేవు, ఆ నీడ లేదు, చింతపిక్కలు అరగదీసే పిల్లలూ లేరు. ఈ సాయంత్రం చెయ్యి కడుక్కోకుండానే బస్సెక్కి, నల్లంపల్లి దాటి ఇంటికి వచ్చాను. వేలికి వాసన ఇంకా ఉంది. ఈసారి నిజంగా పని చేసిన చెయ్యే. గడపలో నిలబడి, ఎవరి ముందుకు చాచాలో తెలియక, చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఉన్నాను.