తెల్లకార్డు ఓపల్

ఓపల్ ట్రూయిట్ కాసినోలో మా కౌంటరు వైపు వస్తోందంటే పక్క కిటికీలో కూర్చునే అమ్మాయి బాత్రూముకి లేచేది. నాకు మోకాళ్ళ నొప్పులు. లేచి పారిపోయేలోపే ఓపల్ వచ్చి నా ముందు నిలబడేది.

"ఏమ్మా గ్వెన్, ఈ తువ్వాలు చూడు. అంచు కుట్టలేదు. ఊరికే ఇస్తున్నాం కదా అని చిరిగినవి అంటగడుతున్నారా?"

"ఊరికే ఇచ్చినదాన్ని మార్చడం కుదరదండీ."

"ఊరికేనా? నేనిక్కడ పారేసిన డబ్బుతో తువ్వాళ్ళ మిల్లు కొనొచ్చు!"

అలా పావుగంట సాగేది. చివరికి నేనే లోపలికెళ్ళి ఇంకో తువ్వాలు తెచ్చేదాన్ని. ఆమె ముడతలు విప్పి, వెలుతురుకి ఎత్తి, అంచు మొత్తం వేళ్ళతో తడిమి గానీ సంచిలో వేసుకునేది కాదు. ఓపల్ ముప్పై ఏళ్ళు హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. రెండు ముంజేతుల మీదా పాత కాలిన మచ్చలుండేవి. బట్ట విషయంలో ఆమెని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు.

నేను లాఫ్లిన్ అనే ఊళ్ళో, నది ఒడ్డున ఉన్న రివర్ లాంతర్ కాసినోలో ఆటగాళ్ళ కార్డుల కౌంటర్లో పదకొండేళ్ళు పనిచేశాను. కార్డు జూదం మిషన్లో పెట్టి ఆడితే కాసినో వాళ్ళకి ఏదో ఒకటి ఊరికే ఇచ్చేది. ఒకరికి తువ్వాలు, ఒకరికి భోజనం, ఒకరికి రాత్రి గది. తెల్లకార్డు అందరికీ ఉండేది. బంగారు కార్డు కొందరికే. ఓపల్‌ది తెల్లకార్డు. ఐదు సెంట్ల మిషన్ ముందు కూర్చుని, ఒక్కొక్క నాణెమే వేస్తూ, ఊరికే వచ్చే కాఫీ నాలుగు కప్పులు తాగి, సంచిలో తెచ్చుకున్న ఇరవై డాలర్లలో చాలామటుకు మిగుల్చుకుని వెళ్ళేది. పంతొమ్మిదేళ్ళుగా వారానికి మూడు పొద్దులు అదే వరస.

ఆమెని కారులో తీసుకొచ్చేది వదిన లోర్నా. నది అవతల బుల్‌హెడ్‌లో, చక్రాల మీది రేకుల ఇళ్ళుండే ఒకే ట్రెయిలర్ల పార్కులో, పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు. నా ట్రెయిలరూ అక్కడే, మూడు వరసల వెనక. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి పడదు. లోర్నా భర్త వెండెల్ రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, ఓపల్‌కి సొంత అన్న. తను పోతే నీడిల్స్ ఊళ్ళో అమ్మ సమాధి పక్కన పూడ్చమని అతను చెప్పాడని ఓపల్ అంటుంది. అలా ఏమీ చెప్పలేదని లోర్నా అంటుంది. ఏమైతేనేం, లోర్నా అతన్ని దహనం చేయించి, బూడిద పడవలోంచి నదిలో కలిపింది.

"మా అన్నని చేపలకి మేపింది," అనేది ఓపల్, ఎవరు వింటున్నా సరే, లోర్నా వింటుంటే మరీ గట్టిగా.

అయినా కలిసే వచ్చేవాళ్ళు. ఓపల్‌కి కారు నడపడం రాదు. మంగళవారం తెల్లకార్డు వాళ్ళకిచ్చే భోజనం చీటీ ఇద్దరికి. ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడకుండా, ఇద్దరూ రెండేసి పళ్ళేలు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు.

వెండెల్ పోయాక లోర్నా ఆట మారింది. డాలర్ల మిషన్ దగ్గరికి వెళ్ళింది. ఒక్కో నొక్కుకి మూడు డాలర్లు. ఆరు నెలలు తిరక్కుండానే బంగారు కార్డు వచ్చింది. దాంతోపాటు క్రెయిగ్ కూడా వచ్చాడు.

క్రెయిగ్ అంటే మా హోస్ట్. మంచి ఆటగాళ్ళకి మర్యాదలు చెయ్యడం అతని ఉద్యోగం. పేరు పెట్టి పలకరిస్తాడు, చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు. వెండెల్ పోయిన తేదీకి కూడా ఫోన్ చేసేవాడు. "ఈ రోజు మీరు ఒంటరిగా ఇంట్లో కూర్చోకూడదు మేడమ్. మీకోసం కిటికీ దగ్గర బల్ల ఉంచాను" అనేవాడు. లోర్నా కొంగు బిగించినట్టు చేతిసంచి బిగించి బయల్దేరేది. ఆ తేదీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. కౌంటర్లో ఎవరేం చెప్పుకున్నా టైపు చెయ్యమని మాకు ఆర్డరు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, నేను టైపు చేశాను.

ఆ ఏడు మార్చిలో కొత్త రూలు వచ్చింది. తెల్లకార్డులకి మంగళవారం భోజనాలు రద్దు. ఉత్తరంలో మాత్రం "మా విలువైన అతిథికి" అని రాసి పంపారు. ఓపల్ ఆ ఉత్తరం తెచ్చి నా ముందు కొట్టింది.

"విలువైన అతిథికి తిండి లేదా?"

"రూలు మారిందండీ."

"ఎవడు మార్చాడు? వాణ్ణి పిలు."

పిలవక్కర్లేకపోయింది. అరుపులకి క్రెయిగే వచ్చాడు. చేతిలో కంప్యూటర్ నుంచి తీసిన ఆమె ఆట లెక్కల కాగితం ఒకటి. నవ్వుతూనే ఉన్నాడు.

"చూడండి, మీరు ఇక్కడ తాగే కాఫీ ఖర్చు కూడా మీ ఆటలో రావడం లేదు. మేం అన్నదాన సత్రం నడపడం లేదు కదా."

వెనక క్యూలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఓపల్ మొహం, ఎప్పుడూ చూడలేదు నేను, ఇస్త్రీ పెట్టె తగిలినట్టు ఎర్రబడింది. అప్పుడే లోర్నా బంగారు కార్డుల వరసలోంచి, చేతిలో మాంసం భోజనం చీటీతో ఇటు వచ్చింది.

"రా ఓపల్, ఇద్దరికిచ్చారు. నేను పెడతాలే."

"నీ ముష్టి నాకక్కర్లేదు."

"అయితే మాడు."

లోర్నా వెళ్ళిపోయింది. క్రెయిగ్ వెళ్ళిపోయాడు. ఓపల్ మాత్రం కదల్లేదు. గొంతు తగ్గించి అడిగింది. "అమ్మాయ్, నాకు నిజం చెప్పు. దానికెందుకు, నాకెందుకు కాదు? నేను పంతొమ్మిదేళ్ళ నుంచి వస్తున్నాను. అది డాలర్లాట మొదలెట్టి మూడేళ్ళే."

నేను చెప్పకూడదు. కానీ క్రెయిగ్ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది.

"ఎన్నేళ్ళు వచ్చారని చూడరండీ. ఎంత పోగొట్టుకున్నారో కూడా చూడరు. మీరు ఎంత వేస్తారు, ఎంత జోరుగా వేస్తారు, ఎంతసేపు కూర్చుంటారు, ఈ లెక్కన ఇక ముందు ఎంత పోగొట్టుకోక తప్పదు, అదే చూస్తారు. అందులో ఐదో వంతో ఆరో వంతో తిరిగి మీ మొహాన కొడతారు. దాన్నే మర్యాద అంటారు."

"నాదెంత?"

"రోజుకి మూడు డాలర్లు."

"దానిది?"

నేను నోటితో చెప్పలేదు. కంప్యూటర్ తెరని అటు తిప్పాను, అంతే. నూట అరవై.

ఓపల్ పెదాలు కదిలాయి. వారానికి మూడు రోజులు, నెలకి ఎంత అని గుణించుకుంటోందని అర్థమైంది. వెండెల్ బీమా డబ్బు ఎంతొచ్చిందో ఆమెకి తెలుసు. సంచి తీసుకుని తిన్నగా భోజనాల హాలు వైపు నడిచింది. ఆమె ఏం చేస్తుందో చూడాలని నేను మోకాళ్ళు ఈడ్చుకుంటూ వెనకాలే వెళ్ళాను.

లోర్నా మాంసం కోసుకుంటోంది.

"అది నీకు ఊరికే పెట్టారనుకుంటున్నావా?" అంది ఓపల్ నిలబడే. "నువ్వు మా అన్న డబ్బు రోజుకి నూట అరవై వీళ్ళ నోట్లో పోస్తావని రాసుకున్నారు. నువ్వెంత వెర్రిదానివో లెక్కకట్టి బంగారు రంగేసి ఇచ్చారు, ఆ కార్డు!"

లోర్నా కత్తి కింద పెట్టింది. "నీకు కుళ్ళు. పంతొమ్మిదేళ్ళు ఐదేసి పైసలు ఏరుకున్నా నిన్ను కుక్క కూడా పలకరించలేదు. నన్ను పలకరిస్తారు. ఇంట్లో ఎవరున్నారు నన్ను పలకరించడానికి? నువ్వా?"

"ఆ వెధవ నవ్వు నిజమనుకుంటున్నావా వదినా?"

"నీ నిజమైన తిట్లకంటే వాడి దొంగ నవ్వే నయం. పో, ఎలా వెళతావో వెళ్ళు!"

ఆ రోజు నుంచి కారు లేదు. ఓపల్ నది దాటించే ఉచిత పడవలో వచ్చి, తారు మెత్తబడే ఎండలో రేవు నుంచి పార్కుదాకా నడిచి వెళ్ళేది. రావడం మాత్రం మానలేదు. ఎందుకొస్తున్నారని అడిగితే, "ఆ కాఫీ తాగి వాణ్ణి నష్టపరచడానికి" అంది.

ఆమె ఇంకేం చేస్తోందో నాకు తరవాత తెలిసింది. మా పార్కులో అందరి ఉత్తరాల పెట్టెలూ గేటు దగ్గర ఒకే చోట ఉంటాయి. వెండెల్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఉత్తరాలు తెచ్చిపెట్టమని లోర్నా ఓపల్‌కి ఒక తాళంచెవి ఇచ్చింది. ఆ తరవాత తిరిగి అడగలేదు. కాసినో నుంచి లోర్నాకి వారం వారం ఓ కవరు వచ్చేది. అందులో ఉచితంగా ఆడుకోవడానికి యాభై డాలర్లో, గదో, భోజనమో, ఫలానా తేదీ లోపల వస్తేనే. ఓపల్ ఆ కవర్లు మాత్రం తీసేసేది. కరెంటు బిల్లు ముట్టుకోలేదు, లోర్నా చెల్లెలు రాసిన కార్డు ముట్టుకోలేదు.

లోర్నాకి పౌరుషం ఎక్కువ. రెండు వారాలు ఉత్తరం రాకపోయేసరికి అలిగింది. పిలవనిచోటికి తనెందుకు వెళ్ళాలనుకుంది. వారానికి మూడుసార్లు వచ్చేది ఒకసారికి తగ్గింది. ఆగస్టుకి అదీ లేదు. ఆ ఏడు వెండెల్ పోయిన తేదీకి ఫోన్ రాలేదు. ఆట తగ్గిన మనిషికి ఫోన్ చెయ్యమని కంప్యూటర్ చెప్పదు.

సెప్టెంబరులో తన పుట్టినరోజు వారం లోర్నా వచ్చింది. మంచి గౌను, పెదాలకి రంగు. కార్డు నా ముందు పెట్టింది.

"ఏటా ఇచ్చే గది, నది వైపుది."

తెర మీద బంగారు రంగు లేదు. తెలుపు. ఎలా చెప్పాలో తెలియక క్రెయిగ్‌ని పిలిచాను. అతనికి ముందు ఆమె గుర్తు కూడా రాలేదు. తెర చూసి అప్పుడు నవ్వాడు.

"సారీ మేడమ్, మీ ఆట తగ్గింది. ఈసారి గది రాదు."

"మీరే కదయ్యా ఉత్తరాలు మానేశారు!"

"మానలేదే. పదిహేడు పంపాం. ఒక్కటీ తిరిగి రాలేదు."

పెట్టె రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో లోర్నాకి గుర్తొచ్చింది. తరవాత ఐదు సెంట్ల మిషన్ల వైపు తిరిగింది. అక్కడ ఓపల్ కాఫీ ఊదుకుంటూ తాగుతోంది.

లోర్నా చెబితే ఇద్దరు గార్డులు ఓపల్‌ని కౌంటరు దగ్గరికి తెచ్చారు. ఓపల్ దాపరికం ఏమీ చెయ్యలేదు. "అవును, తీశాను. చదివి మరీ చింపాను. ఏం చేస్తారు?"

"దొంగముండా!" అంది లోర్నా. "నా పెట్టెలో చెయ్యి పెట్టావా!"

"వీడు నీ పర్సులో పెట్టాడు, వాణ్ణి ఏమీ అనవు."

క్రెయిగ్ జేబులోంచి పెన్ను తీశాడు. గొంతు మెత్తబడింది. "మేడమ్, ఉత్తరాలు దొంగిలించడం పెద్ద నేరం. మీరు ఫిర్యాదు ఇవ్వండి, పోలీసుల్ని నేను పిలుస్తాను. అప్పుడు ఆట తగ్గింది మీ తప్పు కాదని నేను పైవాళ్ళకి చెప్పగలను. బంగారు కార్డు, గది, అన్నీ ఈ రోజే తిరిగి ఇప్పిస్తాను."

లోర్నా పెన్ను తీసుకుంది. తీసుకుందనే చెప్పాలి, ఉన్నమాట. కాగితం కూడా దగ్గరికి లాక్కుంది. ఓపల్ గడ్డం ఎత్తి నిలబడింది. పదిహేడు నేరాలు, డెబ్బై ఏళ్ళ వయసు.

లోర్నా రాయలేదు. పెన్ను పట్టుకునే క్రెయిగ్‌ని అడిగింది. "మా ఆయన పోయిన రోజు నీకెలా తెలుసు?"

"మాకు గుర్తుంటుంది మేడమ్. మీరు మా కుటుంబం లాంటివారు."

"మరి ఈ ఏడు గుర్తులేదే?"

అతను నోరు తెరిచేలోపు నేను చెప్పేశాను. "కంప్యూటర్లో రాసి ఉంటుందండీ. రాసింది నేనే. మీరు ఆడినన్నాళ్ళు అది గుర్తు చేస్తుంది. మీ పేరు పక్కన రోజుకి నూట అరవై అని ఉండేది. ఇప్పుడు సున్నా ఉంది."

"గ్వెన్!" అన్నాడు క్రెయిగ్. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం పోయిందని నాకు తెలిసింది. పోయేది ఎలాగూ పోయింది కదా అని, ఇక మీదట ఉత్తరాలు, ఫోన్లు వద్దు అని రాసిచ్చే ఫారం డ్రాయరు అడుగునుంచి తీసి లోర్నా ముందు పెట్టాను. అది అడిగినవాళ్ళకి ఇవ్వాలని రూలు. అడిగినవాళ్ళు లేరు.

లోర్నా దాని మీద సంతకం చేసింది. పెన్ను క్రెయిగ్ చేతికివ్వకుండా నేల మీద పడేసింది. ఓపల్ వైపు తిరిగింది.

"పోలీసుల్ని పిలవలేదంటే క్షమించానని కాదు. నువ్వు చచ్చినా నీ మొహం చూడను."

"చూడమని ఎవడు ఏడ్చాడు?" అంది ఓపల్.

లోర్నా ఒక్కతే కారెక్కి వెళ్ళిపోయింది. ఓపల్ మళ్ళీ అడుగుపెడితే అరెస్టు చేయిస్తామని క్రెయిగ్ కాగితం చదివి వినిపించి, గార్డులతో ఎండలోకి నెట్టించాడు. పంతొమ్మిదేళ్ళు వచ్చిన మనిషి. పడవ వచ్చేదాకా రేవు దగ్గర నీడలో నిలబడనివ్వమన్నాను. నీడ కూడా కాసినోదే, కుదరదన్నారు.

నన్ను శుక్రవారం తీసేశారు. బుల్‌హెడ్‌లో ఒక మందుల షాపులో కౌంటరు పని దొరికింది. జీతం తక్కువ, కానీ కుర్చీ ఉంది.

లోర్నా అంతటితో బాగుపడిందని చెబితే అబద్ధం. చలికాలంలో నది కింది వైపు ఇంకో కాసినోలో కొత్త కార్డు తీసుకుంది. రెండు నెలలు వెళ్ళింది. ఎంత పోయిందో నాకు తెలియదు, చేతిలో ఉన్న ఉంగరం మాత్రం కనిపించలేదు. తరవాత కళ్ళలో పొరలొచ్చి కారు నడపడం మానేసింది. అలా ఆగింది ఆట. మంచిమాట విని ఆగలేదు.

ఆపరేషన్ అయిన వారం వాళ్ళిద్దరూ పార్కు వాళ్ళ వ్యానులో నా షాపుకొచ్చారు. దిగేటప్పుడు ఒకరికొకరు చెయ్యివ్వలేదు. కంటి మందు సీసా నేను లోర్నాకి ఇవ్వబోతే మధ్యలో ఓపల్ లాక్కుని, అక్షరాలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"రోజుకి నాలుగు చుక్కలు, గుడ్డిదానా. పొద్దున, మధ్యాహ్నం..."

"మెల్లిగా చదివి చావు. పోయింది కళ్ళే, చెవులు కాదు."

"...సాయంత్రం, పడుకోబోయే ముందు. ఎవరు వేస్తారు నీకు?"

"నేనే వేసుకుంటా."

"ముక్కులో వేసుకుంటావు," అంది ఓపల్. సీసా తన సంచిలో వేసుకుని ముందు నడిచింది. లోర్నా బూతు ఒకటి తిట్టి, ఆ అడుగుల చప్పుడు పట్టుకుని వెనకాల వెళ్ళింది.