ఏ పగులు ముందు పుట్టింది

అద్దాలు కోసి బిగించే ఆవిడను వీధిలో అందరూ అద్దాలక్క అనేవారు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ ఆమె రెండు బొమ్మలు చూపించేది. ఒకటి పగిలిన అద్దాన్ని చూసి ఉన్నదున్నట్టు గీసింది. రెండోది తనకు తోచినట్టు గీసింది. ఏది ఏదో పోల్చుకోలేక చాలామంది బిక్కమొహం వేసేవారు.

"పగులుకో లెక్కుంది నాయనా. ముందొచ్చిన పగులును తర్వాతొచ్చింది దాటలేదు. దాన్ని తాకి అక్కడే ఆగిపోతుంది. నాకు తోచినట్టు గీసినదాంట్లో చూడు, అన్నీ ఒకదాన్నొకటి దాటేశాయి" అనేది.

ఆ వేసవిలో నూలు మిల్లు గేటు దగ్గర కూలి గొడవ ముదిరింది. సెక్యూరిటీ ఆఫీసరు పేల్చిన తూటా ఆమె మరిది మెడను చీల్చుకుపోయింది. గేటు ఊచలు పట్టుకునే కూలబడి ప్రాణం వదిలాడు.

"ముందు వాళ్లే రాళ్లు రువ్వారు. నన్ను నేను కాపాడుకోడానికి కాల్చాను" అన్నాడు ఆఫీసరు.

వారం తిరక్కుండానే, ఆమె ఎవరి వదినో తెలియక, గేటు పక్క సెక్యూరిటీ గదికి పగిలిన కిటికీ మార్చమని మిల్లువాళ్లు ఆమెనే పిలిచారు. మందపాటి అద్దం, ఇంకా ఫ్రేములోనే నిలిచి ఉంది. తూటా రంధ్రం బయటివైపు వెడల్పుగా విచ్చుకుంది. అంటే కాల్చింది లోపలినుంచి. రాళ్ల దెబ్బల పగుళ్లన్నీ తూటా పగుళ్లను తాకి ఆగిపోయాయి. అద్దానికి టేపు వేసి, ఫ్రేముతో సహా ఊడదీసి, తిన్నగా పెద్ద పోలీసాఫీసులో అప్పగించింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు కొట్లో జొరబడ్డారు. ఒకడు ఆమె కుడిచేతిని బల్లకు అదిమిపట్టాడు. రెండోవాడు సుత్తి ఎత్తాడు.

"అద్దం ఎక్కడ?"

మూడు దెబ్బలకు రెండు వేళ్లు నుజ్జయ్యాయి. నాలుగో దెబ్బ పడేలోగా ఎడమచేతికి దొరికిన గాజుపెంకుతో సుత్తివాడి చెంప దవడదాకా కోసేసింది. నెత్తురు చూసి ఇద్దరూ పరుగందుకున్నారు.

కోర్టులో ఆఫీసరు లాయరు వెటకారంగా నవ్వాడు. "పగులు ఎటు పోతే ఏంటమ్మా? అది అద్దం ఇష్టం."

"అద్దానికి ఇష్టాలుండవు బాబూ. అవి తుపాకీ పట్టుకున్నవాడికి ఉంటాయి" అంది కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని.

ఆఫీసరుకు పదేళ్ల జైలు పడింది. ఆమె వేళ్లు రెండూ తీసేశారు. మరిది భార్య వచ్చి కొట్లో పనికి కూర్చుంది. మొదటి నెలలోనే పదకొండు అద్దాలు పాడుచేసింది. అద్దాలక్క తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి.