నాలుగు హద్దులు నడిచిన వకీలు గారు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, భుయ్యాడీహ్ దాటాక సువర్ణరేఖ నది ఒడ్డున ఒక పెరట్లో, నున్నటి బండ ఒకటి కనిపిస్తే దాని మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఇంట్లోంచి ఒక ముసలామె వచ్చింది. నా చంకల కింద చేతులు వేసి, పసిపిల్లను లేపినట్టు లేపి, పక్కన మట్టిలో నిలబెట్టింది. కసరలేదు. నా ముఖం వైపు చూడనైనా లేదు. నేను కూర్చున్న చోటును కొంగుతో తుడిచి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆ తుడవడం చూసినప్పుడే నాకు భయం వేసింది. మేం కొనబోతున్న ఆ నేలలో మాకెవరికీ తెలియనిది ఏదో ఉందనీ, దాని జోలికి వెళ్తే మాకు మంచి జరగదనీ అనిపించింది. పక్కనే ఉన్న మా అమ్మకు చెప్పబోయాను. ఆమె ఆ రోజు ఎంత సంతోషంగా ఉందంటే, చెప్పడానికి నోరు రాలేదు.

అప్పట్లో మేం బర్మామైన్స్‌లో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్లం. మా నాన్నగారు ఉక్కు కార్ఖానాలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాని వయసులో రైలెక్కి వచ్చి, ఇక్కడే ముసలివారవుతున్నారు. నేను వాళ్లకు లేక లేక పుట్టినదాన్ని. ఉద్యోగం ఉన్నన్నాళ్లే క్వార్టరు. రిటైరైతే తాళంచెవి అప్పగించి బయటికి నడవాలి. ఆ రోజు దగ్గరపడుతున్న కొద్దీ మా అమ్మకు నిద్ర తగ్గిపోయింది. గోడకు మేకు కొట్టబోయినా చెయ్యి ఆపుకునేది. ఈ గోడ మనదా ఏటి, అనేది. సొంత ఊళ్లో మాకు మిగిలిందేమీ లేదు. ఈ ఊళ్లోనే పిడికెడు నేల సంపాదించుకోకపోతే ఎక్కడ తలదాచుకుంటామన్నది మా ఇంట్లో రోజూ వినిపించే మాట.

ఆ నేల అమ్ముతానన్నది నాన్నగారితో కలిసి పనిచేసే, బరువులెత్తే ఖలాసీ. నేను ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని. ఆయన హో అనే ఆదివాసీ జాతివాడు, ఆ ఒడ్డునే పుట్టినవాడు. చాలా తక్కువ మాట్లాడేవాడు. ఇంట్లో భార్యకు క్షయ. ఆమెను పెద్ద ఆసుపత్రిలో చేర్చాలంటే ఇల్లు, పెరడు అమ్మడం తప్ప ఆయనకు వేరే దారి కనిపించలేదు. ఒకరికి నేల కావాలి, ఒకరికి మందు కావాలి. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే షిఫ్టులో పక్కపక్కన కూర్చుని రొట్టె తిన్నవాళ్లు. ఇంక ఆలోచించాల్సింది ఏముందన్నారు అందరూ. మా క్వార్టర్ల లైనులోనే ఉండే ఒక ఠేకేదారు, కూలీలను పెట్టి కాంట్రాక్టు పనులు చేయించేవాడు, అయితే తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే చాలన్నాడు. ఆయనా మా జిల్లావాడే. నేను మావయ్య అనేదాన్ని, ఆయన పిల్లలతో ఆడుకునేదాన్ని. మా అమ్మే పట్టుబట్టింది, వకీలు చేత రాయించాల్సిందేనని. బతుకంతటికీ ఒక్కసారి కొనుక్కునే ఇల్లు గట్టిగా ఉండాలన్నది ఆమె కోరిక.

ఆ వకీలు గారిది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ఆయన తెలుగు విని మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. మా తెలుగు విని ఆయన పైకే నవ్వేవారు. ఇళ్లూ స్థలాలూ కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ కాగితాలు రాయడమే ఆయన పని. కానీ బల్ల దగ్గర కూర్చుని ఒక్క అక్షరం రాసేవారు కారు. ముందు ఆ చోటికి సైకిలు మీద వచ్చేవారు. కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ చెరోపక్క పెట్టుకుని నాలుగు హద్దులూ నడిచేవారు. నడుస్తూ, ఆ నేల మీద ఉన్న ప్రతిదాన్నీ పేరు పెట్టి అడిగేవారు, ఇది ఇస్తున్నావా అని. అమ్మేవాడు నోటితో ఔనంటేనే అది కాగితంలోకి వచ్చేది. ఆ రోజు నాన్నగారికి ఈ నడకంతా దండగనిపించింది.

"ఇదంతా ఏటికి బాబూ, సూసిన నేలే గదా."

"ఏమయ్యా మిస్త్రీ, బోల్టు బిగించాక నువ్వెన్నిసార్లు చూసుకుంటావు?"

"రెండుసార్లు సూత్తాను."

"నీ బోల్టు వదులైతే మళ్లీ బిగిస్తావు. నా బోల్టు వదులైతే మీ పిల్ల వీధిలో ఉంటుంది. నడువు."

నువ్వు ఎవరి వకీలువి, కొనేవాడి తరఫా అమ్మేవాడి తరఫా అని కాకా అడగనే అడిగాడు. కాగితం మీద సంతకాలు పడేదాకా ఇద్దరివాణ్ణి, పడ్డాక మీ ఇద్దరికీ నాతో పని ఉండకూడదు అని ఆయన హిందీలో జవాబు చెప్పారు.

నేనూ అమ్మా వెనక నడిచాం. ఉత్తరం మూల ఇప్పచెట్టు దగ్గర వకీలు గారు ఆగి అడిగారు. 'దియా' అన్నాడు కాకా, ఇచ్చేశానని. బావి దగ్గర అడిగారు. దియా. మేకల పాక, ముళ్ల కంచె, నదికి దిగే దారి, అన్నింటికీ అదే మాట, అదే గొంతు. పెరటి పక్కన బండలు వరసగా పరిచి ఉన్నాయి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, అన్నీ బల్లపరుపుగా ఉన్నాయి. వచ్చిన వెంటనే మా అమ్మ చూసి మురిసిపోయింది వాటినే. క్వార్టర్ల దగ్గర కుళాయి పక్కన ఉతుకుడు బండ ఒక్కటే ఉండేది; దాని కోసం పొద్దున్నే ఆడవాళ్లు కొట్టుకునేవారు. "ఇన్ని బండలేటే, మారాణీలాగ ఉతుక్కుంటాను" అని నాతో అన్నది. మా తెలుగు కాకాకు రాదు. అమ్మ నవ్వితే తానూ నవ్వాడు.

వకీలు గారు అక్కడ ఆగారు. మరి ఈ రాళ్లు, అని అడిగారు.

కాకా ఈసారి దియా అనలేదు, తల దించుకున్నాడు. గడపలో ఆయన తల్లి నిలబడి ఉంది, ఇందాక నన్ను లేపినామె. ఆమె చూపు ఆ బండల మీదే ఉంది. మా నాన్నగారు పని తేలిక చెయ్యాలనుకుని, బండలు మాకు అక్కరలేదు, కావాలంటే ఎత్తుకుపొమ్మని హిందీలో చెప్పారు. అప్పుడు కాకా తలెత్తకుండా అన్నాడు.

"ఏ ఉఠ్‌తా నహీఁ, మిస్త్రీ బాబూ. ఇస్‌కే నీచే మేరా బాప్ హై."

ఇది లేవదు, దీని కింద మా నాన్న ఉన్నాడు అని. ఆ జాతివాళ్లు చనిపోయినవాళ్ల ఎముకలను ఇంటి పక్కనే పాతి పైన బండ పరుస్తారని మాకు తెలియదు. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నా, వాళ్లతో కలిసి పనిచేసినా, ఒక్కసారీ వాళ్ల పెరట్లోకి వెళ్లి చూసినవాళ్లం కాదు. నేను కూర్చున్నది ఒక మనిషి మీద. మా అమ్మ బట్టలు ఉతకాలనుకున్నదీ అక్కడే. అమ్మ నా చెయ్యి పట్టుకుని కంచె బయటికి తీసుకొచ్చేసింది.

వకీలు గారు ఇద్దర్నీ దారి పక్కన నీడలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఈ జాతివాళ్ల నేల జిల్లా అధికారి అనుమతి లేకుండా మనబోటివాళ్లకు చెందదు. వేలిముద్ర వేయించుకున్నా అది చెల్లదు. ఏదో ఒకనాడు నేల వాళ్లకు తిరిగి వెళ్తుంది, దాని మీద కట్టిన ఇల్లూ మనకు దక్కదు. ఇది నాన్నగారితో. కాకాతో ఇంకో మాట అన్నారు. ఇచ్చేశాక ఈ పెరట్లోకి నువ్వు అడిగి రావాలి, నీ తల్లి కూడా అడిగి రావాలి, అది ఆలోచించుకున్నావా అని. ఆలోచించుకోవడానికి తనకు వ్యవధి లేదన్నాడు కాకా. లోపల్నుంచి ఆయన భార్య దగ్గు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

నాన్నగారికి కోపం వచ్చింది. "సేలామంది రాయించుకున్నారు గదా బాబూ. ఆలకి ఏటయింది?"

"ఇంకా ఏమీ కాలేదు. అయ్యాక నా దగ్గరికే వస్తారు. అప్పుడు నేను చెయ్యగలిగింది పెద్దగా ఉండదు."

రాళ్లు లేని పక్క, నది వైపున్న ముక్క మాత్రం అమ్మడానికి అనుమతి అడుగుదాం, ఇద్దరి తరఫునా నేనే అర్జీ పెడతాను, కొన్నాళ్లు ఓపిక పట్టండి అన్నారాయన. ఇద్దరూ తలలూపారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మా అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. అది ఆ చనిపోయినాయన కోసమో, చేజారిన ఇంటి కోసమో నాకు తెలియలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

ఆ అనుమతి రాలేదు. రాదని కూడా ఎవరూ చెప్పలేదు. కాకా భార్య నెత్తురు కక్కుకోవడం మొదలుపెట్టింది. మా లైనులోని ఠేకేదారు మావయ్య ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని నాన్నగారిని ఆట పట్టించాడు. "ఏటి మిస్త్రీ, రాళ్లకి బయపడి బూమి ఒగ్గేసినావా? నాను తీసేసుకుంతన్నాను మరి." తీసుకున్నాడు కూడా. తెల్లకాగితం, వేలిముద్ర. వానలు వచ్చేలోపే గోడలు లేచాయి. గృహప్రవేశానికి నాన్నగారు వెళ్లలేదు. అమ్మ వెళ్లి వచ్చి, అన్నం పెట్టుకోకుండా కూర్చుంది. బండలేవీ పెరట్లో లేవని, పునాదిలో వేసేశారని చాలాసేపటికి చెప్పింది. కాకా భార్యను ఆసుపత్రిలో చేర్చారు గానీ ఆమె బతకలేదు.

ఆ ముసలామె కొడుక్కి చెప్పకుండా నడుచుకుంటూ వకీలు గారి ఇంటికి వెళ్లిందట. ఆయన ఆమె తరఫున దావా వేశారు. రెండు మూడేళ్లు నడిచింది. చివరికి నేల ఆమెదేనని ఉత్తరువు వచ్చింది. ఇల్లు ఖాళీ చేయించే రోజు నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఎందుకు తీసుకెళ్లారో చెప్పలేదు. నాతో ఆడుకునే పిల్లలు ముగ్గురూ పరుపుచుట్టల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల అమ్మ పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడింది. ముసలామె లోపలికి వెళ్లింది. గోడ వెంబడి వంగి, పునాది రాళ్లను చేత్తో తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. ఏది ఎవరో ఆమెకు ఆనవాలు దొరకలేదు. గోడకు వీపు ఆనించి అక్కడే కూర్చుండిపోయింది. గెలిచింది ఆమే. ఓడిపోయినవాళ్లు వీధిలో కూర్చున్నారు. ఇరువైపులా ఏడవడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

వకీలు గారు సైకిలు పట్టుకుని దూరంగా నిలబడి ఉన్నారు. నాన్నగారు దగ్గరికి వెళ్లి, ఆ రోజు మీరు ఆపకపోతే అక్కడ కూర్చునేది నా పిల్లే బాబూ అన్నారు. ఆయన సంతోషించలేదు.

"మిమ్మల్ని ఆగమన్నానే గానీ, ఆగినన్నాళ్లూ ఆ ఖలాసీ ఎలా బతకాలో చెప్పలేదు మిస్త్రీ. నా పని సగమే చేశాను."

మా నాన్నగారు రిటైరయ్యాక బర్మామైన్స్‌లోనే ఒక సందులో అద్దెగదికి మారాం. అమ్మ ఆ గదిలోనే పోయింది, సొంత గోడకు మేకు కొట్టకుండానే. వకీలు గారి మీద ఆమెకు కోపం పోలేదు, గౌరవమూ పోలేదు. నాకు మాత్రం ఇల్లు అనే మాట ఎవరన్నా, ఖాళీ చేయించిన ఆ పొద్దు రెండువైపులా చూసిన ముఖాలే గుర్తొస్తాయి. నేను కాలేజీలో చదువుకున్నాను, చట్టాల గురించి పేపర్లలో చదివాను. కొనేవాడికి ఇల్లూ అమ్మేవాడికి సొమ్మూ చేరితే పని అయిపోయినట్టేనని అందరూ అనుకుంటారు. నడవాల్సిన హద్దులు ఇంకా ఉంటాయని, ఆ ఇంట్లో మాట్లాడనివాళ్ల దాకా వెళ్లి అడగాలని, ఆగమన్నప్పుడు ఆగే దారి కూడా చూపించాలని ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆ చివరిది ఆయన కూడా ఆలస్యంగానే నేర్చుకున్నారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మావారు ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక పెంకుటిల్లు చూసి మాట ఇచ్చి వచ్చారు. పిల్లలు అప్పుడే గదులు పంచేసుకున్నారు. ఆ ఇంటి వెనక గదిలో ఇప్పుడెవరుంటున్నారని నిన్న రాత్రి అడిగితే, ఎవరో ముసలి దంపతులట, అద్దెకు ఉంటున్నారట, వెళ్లిపోతారులే అన్నారు. ఎక్కడికి అన్నాను. ఆయనకు తెలియదు. అడగాలని తోచలేదన్నారు. వకీలును తీసుకుని వెళ్లి వాళ్లతో మాట్లాడేదాకా బయానా ఇవ్వొద్దని చెప్పాను. చాలాసేపు వాదించి, చివరికి సరేనన్నారు. ఆ తరవాత నాకు కునుకు పట్టలేదు. ఇల్లు పోతుందేమోనన్న భయం ఒకటి, దక్కుతుందేమోనన్న భయం ఒకటి.

ఈ ఉదయం పిల్లలకు చద్దన్నం పెడుతూ, ఆ ఇంటికి ఇప్పుడే వెళ్లడం లేదని చెప్పాను. పెద్దవాడు ముఖం ముడుచుకున్నాడు. చిన్నది ఎప్పటిలాగే హిందీలో అడిగింది, "ఘర్ నహీఁ మిలా తో, మాఁ?" దొరక్కపోతే ఇప్పుడున్న ఈ అద్దెగదిలోనే ఉంటామన్నాను. అక్కడ ఒక తాతా మామ్మా ఉన్నారు, వాళ్లు ఎక్కడికి వెళ్తారో మనకు తెలిసేదాకా, తలదాచుకునే చోటు వాళ్లకు దొరికేదాకా, దాన్ని మన ఇల్లు అని ఎవరితోనూ అనొద్దని చెప్పాను.