లోపల ఒకరున్నారండి

ఆ రోజుల్లో రాజమండ్రిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే ఏ ఇంటర్నెట్ సెంటర్లోనో పని అనుకునేవారు. మా ఆఫీసు బట్టల కొట్టు పైన ఉండేది. ఇంకా తయారుకాని ఒక ప్రాసెసర్‌కి కంప్యూటర్లో నకలు నడపడం మా పని. ఎక్కడో కూర్చున్న ఇంజనీరు డీబగ్గర్ అనే ప్రోగ్రాంతో నెట్‌వర్క్ మీద వచ్చి, ఆ నకలును ఆపి, లోపల ఏం జరుగుతోందో అడిగి, మళ్ళీ నడిపించుకోవాలి. ఒకసారికి ఒకరికే చోటు. ఆ రాకపోకలు చూసుకునే భాగం రాయడం నా వంతు. (మా నాన్న దాన్ని వాచ్‌మన్ పని అని తేల్చారు. తప్పని చెప్పలేను.)

మా మేనేజరుగారు రోజూ కొవ్వూరు నుంచి వంతెన దాటి వచ్చేవారు. చర్చిలో సంఘపెద్ద. మొరాయించిన ప్రింటర్‌తో కూడా "ఇంకోసారి చూడండి" అనే మనిషి కనుక చాటుగా అండీగారు అనుకునేవాళ్ళం. ఒకరుండగా ఇంకొకరొస్తే పడే "కనెక్షన్ నిరాకరించబడింది" అన్న సందేశం చూసి ఆయన మొహం చిన్నబోయింది. దాన్ని తీయించి "క్షమించాలండి, లోపల ఒకరున్నారండి" అని పెట్టించారు. అక్కడితో ఆగితే బాగుండేది. డీబగ్గర్ సెలవు తీసుకోగానే ఆ కనెక్షన్ మూసేసి, తర్వాత వచ్చేవారికి చోటివ్వాలని నేను రాశాను. ఆయన ఒప్పుకోలేదు.

"మన వైపు ఎవరన్నా వెళ్తానంటారాండి? వస్తానంటారు. వస్తానన్న మనిషి మెట్లు దిగకముందే తలుపేసేస్తామా?"

కాబట్టి సెలవు తీసుకున్నవారి చోటు అట్టే పెట్టాలి, వారు తిరిగొచ్చేదాకా ప్రాసెసర్ ఆగే ఉండాలి. తిరిగొచ్చేవారు కొత్త కనెక్షన్ మీద వస్తారు, వాళ్ళే వీళ్ళని మనకెలా తెలుస్తుందని సణిగాను. సణిగి, ఆయన చెప్పినట్టే రాశాను. పరీక్షించినప్పుడల్లా అన్నీ కట్టేసి మొదట్నుంచి నడిపేవాళ్ళం కనుక ఇబ్బంది బయటపడలేదు.

బెంగళూరు క్లయింటుకి చూపించే రోజు వచ్చింది. వాళ్ళకు నచ్చకపోతే రాజమండ్రి ఆఫీసుకి తాళం వేస్తామని పైవాళ్ళు ముందే చెప్పారు. తాళం పడితే మేమంతా ఇంటికే. వీడియోలో కనిపించినావిడది మా గోదావరి వైపు పెనుగొండే అని తెలిసి మేనేజరుగారు సగం గెలిచినట్టే మురిసిపోయారు. ఆవిడ డీబగ్గర్‌తో వచ్చారు. ప్రాసెసర్ ఆగింది, అడిగినవన్నీ చెప్పింది. ఆవిడ సెలవు తీసుకుని, కాసేపాగి మళ్ళీ వచ్చారు. లోపల ఒకరున్నారని తెర మీద పడింది. ఇంకోసారి ప్రయత్నించారు. ఇంకోసారి క్షమాపణ.

"లోపలున్నది ఎవరండి?" అని అడిగారు ఆవిడ.

"మీరేనండి," అన్నారు మేనేజరుగారు.

"నేను బయటున్నాను కదండీ."

"మీ చోటు ఎవరికీ ఇవ్వలేదండి. మీ కోసమే ఉంచామండి."

"నాక్కూడా ఇవ్వట్లేదు కదండీ."

ఆవిడ నవ్వలేదు. భోజనాలయ్యాక మళ్ళీ చూస్తానని వీడియో ఆపేశారు. మేం భోజనం మానేశాం. నేను ఒక్కో లైనూ చెరిపేస్తుంటే మేనేజరుగారు నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. మర్యాదంతా పోయాక ప్రోగ్రాం బాగా పనిచేసింది. ఆవిడ వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. ఆఫీసు నిలిచింది. (పైవాళ్ళు తర్వాతి మీటింగులో, సెలవు తీసుకున్నవారి చోటు కాపాడడం కస్టమర్ పట్ల మా శ్రద్ధకు నిదర్శనమని మెచ్చుకున్నారు. అది తీసేశాకే ఆఫీసు బతికిందని వాళ్ళకెవరూ చెప్పలేదు.)

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ మేనేజరుగారు ఆగారు. "మీరు మొదట రాసిందే రైటండి. నాకు గట్టిగా చెప్పాల్సింది," అన్నారు.

"అలాగేనండి," అన్నాను నేను, వెంటనే.

ఆయన చనిపోయి కొన్నేళ్ళయింది. నేనిప్పుడు మరో ఆఫీసులో, ఆయన కూర్చున్నటువంటి కుర్చీలోనే ఉన్నాను. మీటింగుల్లో గట్టిగానే మాట్లాడతాను, వింటున్నారు కూడా. ఆయన ఎదట ఒక్కసారైనా కాదనలేకపోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇవాళ ఆయన వచ్చి తలుపేసేయొద్దని మళ్ళీ చెబితే కాదనగలవా అంటే, అనలేనండి.