అక్క పేరుతో తెరిచిన ప్రొఫైల్

మా చిన్నప్పుడు శాలిబండలో, మా గల్లీ మలుపు దగ్గర గఫార్ భాయ్ ఇంటర్నెట్ సెంటర్ ఉండేది... ప్లైవుడ్ అడ్డాల మధ్య ఆరు కంప్యూటర్లు, నెత్తి మీద కిర్రుమనే ఫ్యాను. సునీతక్క ఇంటర్ రెండో ఏడాది, నేను ఎనిమిదో తరగతి. అక్క తన పని చూసుకునే గంటసేపూ నేను పక్క కంప్యూటర్లో కార్ల రేసు ఆడేదాన్ని.

ఆ రోజు అక్క ఎంట్రన్సు దరఖాస్తుకు ఫోటో స్కాన్ చేయించడానికి వెళ్లాం. స్కాన్ చేసింది మహేష్... మా బ్లౌజులు కుట్టే యాదమ్మత్త కొడుకు. డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు అక్కడే కూర్చునేవాడు. అంతకు నెల ముందు అక్కకు దోస్తీ చేద్దామని చీటీ ఇస్తే, అక్క అతని ముందే చింపేసింది.

వారం తిరక్కుండానే మా ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. ఎవరెవరో మగవాళ్లు... "సునీత ఉందా?" అని. మధ్యాహ్నం అమ్మ ఎత్తింది. సాయంత్రం బాపు ఎత్తాడు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు, ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

"రేపటి సంది కాలేజీ బంద్" అన్నాడు.

"నేనేం జేసిన బాపూ?" అంది అక్క.

బాపు ఫోను తీగ గోడ నుంచి పీకేశాడు.

సంగతి అక్క స్నేహితురాలు రెహానా వచ్చి చెప్పింది. చాటింగ్ సైటులో అక్క పేరుతో ఎవరో ప్రొఫైల్ తెరిచారట... ఫోటో, మా ఇంటి నంబరు పెట్టి. మర్నాడు ట్యూషన్ ఎగ్గొట్టి గఫార్ భాయ్ దగ్గరికి పరిగెత్తాను. తెరిచి చూస్తే అక్కే. ఫోటో మూలన పిన్ను గుచ్చిన చిల్లు కూడా ఉంది! దరఖాస్తుకు ఇచ్చిన ఫోటో అది. దాన్ని స్కాన్ చేసింది మహేష్ ఒక్కడే.

ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు... పళ్లు పటపటా కొరికాను.

బాపుకు చెబితే? "నోరు మూసుకో, గల్లీలో పరువు పోతది" అంటాడు. నాకు అది చాలదు. అందుకని కాచుకు కూర్చున్నాను. రోజూ కార్ల రేసు ఆడుతున్నట్టు నటిస్తూ, ప్లైవుడ్ అడ్డం సందులోంచి మహేష్ తెరనే చూసేదాన్ని. తొమ్మిదో రోజున, అక్క ప్రొఫైల్ తెరిచి ఉండగానే, అతను చాయ్‌కని బయటికి లేచాడు.

నేను నేరుగా యాదమ్మత్త కుట్టు మిషను దగ్గరికి ఉరికాను.

"అత్తా, జల్ది రా! మహేషన్న పని ఒకటి చూపిస్త."

మెడలో టేపుతోనే వచ్చింది పాపం. మహేష్ కుర్చీలో కూర్చోబెట్టాను. ఫోటోలో అక్క తొడుక్కున్న డ్రస్సు ఆమె కుట్టిందే. "అరే, మన సునీత!" అని నవ్వింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు ముక్కలు నేను ఒక్కొక్కటే చదివి వినిపించాను... "బోర్ కొడుతోంది. ఫోన్ చేయండి. మా బాపు సాయంత్రం దాకా రాడు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

చాయ్ గ్లాసుతో వచ్చిన మహేష్ తల్లిని చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"గిది నువ్వు రాసినవా రా?"

"మజాక్ చేసిన అమ్మా... గంతే."

"మజాకా? అయితే చదువు. గట్టిగ చదువు. అందరు నవ్వుతరు గద!"

గఫార్ భాయ్ "క్యా హువా?" అంటూ లేచి వచ్చాడు. ఆటలాడే పిల్లలంతా తలలు బయటపెట్టారు. మహేష్ చదివాడు. నాలుగో వాక్యం దగ్గర ఆపేశాడు. "ఇంకా ఉంది అన్నా, కింద చూడు" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ నాకు పశ్చాత్తాపం లేదు.

యాదమ్మత్త అతన్ని చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చి, బాపు ముందు నిలబెట్టి అంతా చెప్పించింది. బాపు అక్కతో "రేపు కాలేజీకి పో" అన్నాడు. ఆ మాటతో పాటు "తప్పయింది బిడ్డా" అంటాడేమోనని ఎదురుచూశాను... అనలేదు. అక్క ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లోనే ఎంట్రన్సు దరఖాస్తుల గడువు దాటిపోయింది. అక్క ఏడాది పోయింది. ఇప్పుడు టీచరుగా పనిచేస్తోంది కానీ, ఎక్కడా తన ఫోటో పెట్టదు.

పోయిన నెల నా ఫీడులో మహేష్ కనిపించాడు. జుట్టు పలచబడింది. "ఏఐ కాలంలో ఆడపిల్లల్ని కాపాడుకుందాం" అని పొడుగాటి పోస్టు. కింద దండాలు, పూలు, "గొప్పగా రాశారన్నా"లు.

నేను ఒక్క కామెంటు రాశాను... "అన్నా, మా సునీతక్కకు ఈ పోస్టు చదివి వినిపించమంటావా?"

పది నిమిషాల్లో పోస్టు మాయం.

అక్కకు ఫోన్ చేసి చెబితే, "ఇంక ఇడ్సిపెట్టవే" అంది.

"నువ్వు ఇడ్సిపెట్టినవా?" అన్నాను. దానికి అక్క, "గది చదివి వాడు ముఖం ఎట్ల పెట్టి ఉంటడే?" అని చిన్నగా నవ్వింది. ఎన్నేళ్లకు విన్నానో ఆ నవ్వు...

మా అమ్మాయి క్లాసులో ఒక పిల్ల అనని మాటలు అన్నట్టు ఎవరో ఏఐతో వీడియో చేశారట. ఆ పిల్ల బడికి రావడం లేదు. చేసిందెవరో, ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. మా రోజుల్లో ఎంత నీచుడైనా మన గల్లీలోనే ఉండేవాడు... పట్టుకుంటే చేతికి దొరికేవాడు. ఇప్పుడు ఏ తలుపని కొట్టాలి?

మీకు ఎవరైనా అలా దొరికారా? దొరికినవాణ్ణి ఏం చేశారో కింద రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను. వాళ్ల మీద మాత్రం నన్ను జాలిపడమనకండి.